విశ్వవిద్యాలయము: తాళపత్రము మొదలు కంప్యూటరు వరకు

విద్య యెచ్చట నుండునో యచ్చటికి మనుష్యుడు నడచి పోవుట పూర్వకాలపు ధర్మము. విద్యయే మనుష్యుని వాకిటికి నడచి వచ్చుట యీ కాలపు విశేషము. ఈ రెంటి నడుమ పదునాలుగు వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలియనివారు కంప్యూటరు వచ్చినది కావున విశ్వవిద్యాలయములకు కాలము చెల్లినదని తొందరపడుదురు; లేదా యంత్రమెన్ని వచ్చినను ఏమియు మారదని ధీమాగా నుందురు. రెండును సరిగావు.

విశ్వవిద్యాలయమను మాటలో నాలుగు పనులు ఇమిడియున్నవి. గ్రంథములను భద్రపరచుట మొదటిది. వానిని బోధించుట రెండవది. నేర్చినవానిని పరీక్షించి పట్టమిచ్చుట మూడవది. అంతవరకు ఎవరికిని తెలియని విషయమును కనుగొనుట నాలుగవది. ఈ నాలుగును ఒక్క ప్రాకారములోపలనే జరుగవలెనన్న నియమమేదియు లేదు. అక్షరమును మోసికొనిపోవు సాధనము మారినప్పుడెల్ల వీనిలో నేదో యొక పని ప్రాకారమును దాటి వెలుపలికి పోయినది. మిగిలిన పనులను పట్టుకొని విశ్వవిద్యాలయము నిలిచినది. ఆ జమాఖర్చులను కాలక్రమమున చూచినచో, నేడు పోవుచున్నదేదియో, నిలుచుచున్నదేదియో తేటపడును.

గ్రంథముకొరకు దేశాటనము

క్రీ. శ. ఏడవ శతాబ్దమున చీనాదేశమునుండి హ్యూయన్‌త్సాంగను భిక్షువు ఎడారులను, మంచుకొండలను దాటి మగధదేశములోని నలందకు చేరెను. అచ్చట శీలభద్రుడను వృద్ధాచార్యుని సన్నిధిని యోగాచారశాస్త్రమును పఠించెను. నలందా ద్వారమునొద్దనే పండితులు ప్రశ్నలు వేయుదురనియు, వచ్చిన పదిమందిలో ఏడెనిమిదిమంది సమాధానము చెప్పజాలక మరలిపోవుదురనియు అతడు వ్రాసియుంచెను.

ఆ భిక్షువు ఆంధ్రదేశమునకును వచ్చెను. కృష్ణాతీరమందలి ధాన్యకటకమున, అనగా నేటి అమరావతి ప్రాంతమున, కొన్ని మాసములు నిలిచెను. అచ్చటి యిరువురు భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మమును తాను నేర్చుకొనెను. తానెరిగిన మహాయానశాస్త్రమును వారికి నేర్పెను. ఆ కూటమిలో గురువెవరో, శిష్యుడెవరో చెప్పుట కష్టము. ఈ యిచ్చిపుచ్చుకొనుటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కథాంతమున దీనితో పని కలదు.

645వ సంవత్సరమున అతడు స్వదేశమునకు చేరునప్పటికి 657 గ్రంథములు గుర్రములపై వెంట వచ్చెను. త్రోవలో సింధునదిని దాటునప్పుడు పడవ కల్లోలమునకు లోనై కొన్ని కట్టలు నీటిపాలయ్యెను. పోయిన గ్రంథములకు ప్రతులను మరల వ్రాయించి తెప్పించుకొనుటకై ఆ పండితుడు నడిత్రోవలో నిలిచిపోవలసి వచ్చెను. ఒక్క ప్రతి నీట మునిగినచో ఒక శాస్త్రమే మునిగినట్లుండిన కాలమది.

నలందలో రత్నసాగరము, రత్నోదధి, రత్నరంజకము అను మూడు గ్రంథాలయ సౌధములుండెనని టిబెట్టు గ్రంథములు చెప్పుచున్నవి. పండ్రెండవ శతాబ్దాంతమున దండయాత్రలలో ఆ విద్యాపీఠము దెబ్బతినగా ఆ నిధియు నశించినది. సంస్కృతమూలము లేకుండ పోయిన బౌద్ధగ్రంథములు పెక్కు నేడు చీనా, టిబెట్టు అనువాదములలోనే నిలిచియున్నవి. అనగా, ఒక్కచోట కాపాడబడినది పోయినది; మోసికొనిపోయి పంచిపెట్టబడినది బ్రదికినది.

చదివి వినిపించు గురువు

ఐరోపాఖండమున బొలోన్యా విశ్వవిద్యాలయము 1088వ సంవత్సరమున ఆరంభమైనదని వాడుక. పారిస్, ఆక్స్‌ఫర్డు విద్యాపీఠములు ఆ తరువాతి శతాబ్దమున రూపు దాల్చెను. ఆ కాలమున గ్రంథము తోలుపలకలపై చేతితో వ్రాయబడెడిది. దాని వెల సామాన్య విద్యార్థికి అందరానిది. గురువు వేదికపై గ్రంథమును విప్పి, వాక్యము వెంట వాక్యము చదివి, అర్థము చెప్పుచుండెను; శిష్యులు వ్రాసికొనుచుండిరి. నేడు కళాశాలలలో వాడుకలోనున్న లెక్చరను మాటకు లాటిను మూలమున చదువుట యనియే అర్థము.

పారిస్, బొలోన్యా నగరములలో పుస్తకవర్తకులు మరియొక యుపాయము పన్నిరి. మూలప్రతిని విడివిడి కట్టలుగా చేసి, కట్టకింత యని అద్దె పుచ్చుకొని యిచ్చుచుండిరి. ఒకడు మొదటి కట్టను వ్రాసికొనుచుండగా మరియొకడు మూడవ కట్టను వ్రాసికొనుచుండెను. తెలుగుదేశమున తాటాకు ప్రతిని ఎరువు తెచ్చుకొని, గంటముతో రాత్రింబవళ్లు ప్రతి చేసికొనిన పండితుల శ్రమయు ఇట్టిదే.

సుమారు 1455వ సంవత్సరమున జర్మనీదేశములోని మైన్జు పట్టణమున గూటెన్‌బర్గు అచ్చువేసిన బైబిలు వెలువడెను. అనంతరము ఏబది సంవత్సరములలోనే ఐరోపాలోని పెక్కు పట్టణములలో అచ్చుశాలలు వెలసెను. గ్రంథము చౌకయయ్యెను, దానిని దాచుట విశ్వవిద్యాలయమునకే చెల్లిన పని కాకపోయెను. గురువు చదివి వినిపించు పద్ధతి మాత్రము మానలేదు. అలవాటు కొంత కారణము. చదివినది అర్థము కానప్పుడు అడుగుటకు ఒక మనుష్యుడు కావలసియుండుట మరికొంత కారణము.

ఉన్న విద్యను పంచుటయేగాక క్రొత్త విద్యను సృష్టించుటయు తన ధర్మమేయని 1810వ సంవత్సరమున స్థాపింపబడిన బెర్లిను విశ్వవిద్యాలయము గట్టిగా చాటెను. హుంబోల్టు పండితుని యోచనపై నెలకొన్న ఆ పీఠమున ఆచార్యుడు పరిశోధకుడుగను, విద్యార్థి ఆతని తోడి యన్వేషకుడుగను నుండవలెనని ఆదర్శము. అచ్చుపుస్తకము ఒక పనిని తీసికొనిపోగా, పరిశోధన ఆ స్థానమును నింపినది.

ఊరిలో చదువు, మద్రాసులో ముద్ర

మన దేశమున ఆధునిక విశ్వవిద్యాలయము మరియొక రూపమున అవతరించెను. 1836లో శాసనము పొందిన లండను విశ్వవిద్యాలయము పరీక్షలు జరిపి పట్టములిచ్చుటకే యేర్పడినది. 1858 నుండి అది యెచ్చట చదివినవారినైనను పరీక్షకు అనుమతించెను. ఆ నమూనాపైననే 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసెను. బోధన కళాశాలలది, ప్రశ్నపత్రము, ముద్ర విశ్వవిద్యాలయమువి. 1904వ సంవత్సరపు చట్టము స్వయముగా బోధించుటకు వానికి వీలు కల్పించువరకు స్థితి యిదియే.

కావున తెలుగు విద్యార్థికి విశ్వవిద్యాలయమనగా చాలకాలము చదువుచోటు కాదు, పరీక్షాధికారి. ఉద్యోగమునకు ఆ ముద్రయే ఆధారమయ్యెను. విద్యకన్న పట్టము మిన్నయన్న భావము అప్పుడే పాదుకొనినది. హైదరాబాదున 1918లో ఉస్మానియా, ఆంధ్రప్రాంతమున 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినను ఆ భావము సులభముగా వదలలేదు. నేటి యంత్రయుగమున కలిగిన చిక్కులలో సగము ఆ వేరునుండి పుట్టినవే.

గాలిలో వచ్చిన పాఠము

ఇరువదవ శతాబ్దమున రేడియో, టెలివిజనులు బోధను ప్రాకారము దాటించెను. ఇంగ్లండున 1969లో శాసనము పొంది, 1971లో పాఠములారంభించిన ఓపెన్ యూనివర్సిటీ టపా ద్వారమున పుస్తకములను, బి. బి. సి. ద్వారమున పాఠములను పంపెను. చేరుటకు పూర్వపు పట్టములు అవసరము లేదనుట దాని గొప్ప సాహసము.

భారతదేశమున అట్టి తొలి విశ్వవిద్యాలయము తెలుగునాటనే పుట్టెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1991లో దానికి డాక్టరు బి. ఆర్. అంబేడ్కరు పేరు పెట్టబడెను. బడి మధ్యలో మానినవారు, కాపురపు బరువు మోయు స్త్రీలు, చిన్న యుద్యోగములలోనివారు అర్హతాపరీక్ష వ్రాసి పట్టభద్రులగుటకు అది త్రోవ చేసెను. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది 1985లో. ఈ పీఠములు పాఠములను దూరమునకు పంపినను, అధ్యయనకేంద్రములను మాత్రము విడువలేదు. సెలవుదినమున విద్యార్థులు అచ్చట గుమిగూడి సందేహములు తీర్చుకొనుచుండిరి. ఈ చిన్న విషయమును తరువాత వచ్చిన పెద్ద యంత్రములు మరచెను.

విశ్వవిద్యాలయపు బిడ్డ

ఇంటర్నెట్టునకు మూలమైన కంప్యూటర్ల సంభాషణము మొదలైనది విశ్వవిద్యాలయమునుండియే. 1969 అక్టోబరు 29న అమెరికాలోని లాస్ ఏంజిలీస్ విశ్వవిద్యాలయపు యంత్రమునుండి స్టాన్‌ఫర్డు పరిశోధనాసంస్థ యంత్రమునకు లాగిన్ అను మాటను పంపబోగా, మొదటి రెండక్షరములు చేరుసరికి యంత్రము మొరాయించెను. ఆ సంవత్సరాంతమునకు నాలుగు చోట్లు కలిసెను; వానిలో మూడు విశ్వవిద్యాలయములు. ఆ అంకురమే పెరిగి ఇంటర్నెట్టయినది. ఐరోపాలోని సెర్ను పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ 1989లో వెబ్బును ప్రతిపాదించెను. 1993లో ఆ సంస్థ దానిని లోకమునకు రుసుము లేకుండ విడిచిపెట్టెను. ఈనాడు విశ్వవిద్యాలయమును కలవరపెట్టుచున్న సాధనము అది స్వయముగా పెంచిన బిడ్డయే.

తొలి మార్పు పరిశోధనలో కనబడెను. 1991లో పాల్ గిన్స్‌పార్గను భౌతికశాస్త్రజ్ఞుడు పరిశోధనావ్యాసములను అచ్చునకు ముందే అందరికిని అందించు భాండారమొకటి నెలకొల్పెను. మాసములకొలది పత్రికకొరకు ఎదురుచూచుట తప్పెను. చిన్న పట్టణపు కళాశాలలోని ఉపాధ్యాయుడును, హార్వర్డు ఆచార్యుడును ఒకేనాడు ఒకే వ్యాసమును చదువ గలిగిరి.

తరువాత బోధ వెలుపలికి వచ్చెను. 2001లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రిని లోకమునకు ఉచితముగా నిత్తునని ప్రకటించెను. 2003లో భారతదేశమున ఏడు ఐ. ఐ. టీ.లును, బెంగుళూరి భారత విజ్ఞానసంస్థయు కలిసి ఎన్. పి. టి. ఇ. ఎల్. అను పేర ఆచార్యుల పాఠములను చిత్రించి పంచనారంభించెను. ఐ. ఐ. టీ. ద్వారమున నిలువలేని విద్యార్థి ఆ ఆచార్యుని పాఠమును తన యూరి అరుగుపై కూర్చుండి వినగల కాలము వచ్చెను.

ఒక తెలుగువాని యత్నము

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పేరు తప్పక చెప్పవలెను. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, యంత్రమునకు మనుష్యుని మాట తెలియునట్లు చేయు శాస్త్రమున మార్గదర్శి యయ్యెను. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును 1994లో ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి పొందెను. పది లక్షల గ్రంథములను యంత్రములోనికెక్కించి ఎల్లరకు అందింపవలెనని ఆయన ప్రభృతులు పూనిన యత్నమున 2007 నాటికి పదునైదు లక్షల గ్రంథములు చేరెను. చీనా, భారతదేశములు అందు పాల్గొనెను. వేలకొలది తెలుగు గ్రంథములును అందులో నెక్కెను. మూడు రత్నసౌధముల నిధి బూడిదయైన దేశమున ఇది చిన్న పని కాదు.

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో నెలకొల్పబడి, ప్రజలు ట్రిపుల్ ఐటీ యని పిలుచు విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరు రాజ్ రెడ్డియే. పదవతరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలను చేర్చుకొని ఆరేండ్లు చదివించు పద్ధతి అచ్చట అమలయినది. విద్యార్థి చేతికి కంప్యూటరు నిచ్చిరి. కాని ఇంటికి పంపలేదు. వసతిగృహములలో వేలమందిని కలిపి యుంచిరి. యంత్రమును, సహవాసమును జతపరచిన ఆ యోచనలోని మెలకువ ఇప్పుడు చెప్పబోవు లెక్కలవలన తెలియును.

లెక్కలు చెప్పిన నిజము

2011లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు కృత్రిమమేధా పాఠమును ఇంటర్నెట్టులో అందరికిని తెరువగా సుమారు 1,60,000 మంది పేరు వ్రాయించుకొనిరి. ఇరువదివేలమందికి పైగా ముగించిరి. మరుసటి సంవత్సరముననే కోర్సెరా, ఎడ్‌ఎక్స్ అను సంస్థలు వెలసి నూరులకొలది పాఠములను తెరచెను. విశ్వవిద్యాలయపు గోడలు కూలినవని పత్రికలు వ్రాసెను.

అనంతరము లెక్కలు తీసిరి. హార్వర్డు, మసాచుసెట్సు సంస్థలు ఎడ్‌ఎక్స్ ద్వారమున 2012-13లో తెరచిన 17 పాఠములకు 8,41,687 నమోదులు జరిగెను. యోగ్యతాపత్రములు పొందినవి 43,196 మాత్రమే. అనగా నూటికి ఐదు. నమోదు చేసికొనినవారిలో మూడవవంతునకు పైగా పాఠమును ఒక్కసారియైన తెరచి చూడలేదు. కుతూహలముకొద్దీ తొంగిచూచి పోయినవారిని ఓడినవారనుట న్యాయము కాదు. కాని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 2013లో తన కోర్సెరా పాఠముల విద్యార్థులను విచారింపగా తెలిసిన సంగతి ఆలోచింపదగినది: నూటికి ఎనుబదిమందికి పైగా అప్పటికే పట్టము పొందినవారు. నీరు పల్లమునకు పారునని తలచిరి, మెరకకే యెక్కినది.

అదే సంవత్సరము అమెరికాలోని శాన్ హోసే విశ్వవిద్యాలయము గణితమున వెనుకబడిన విద్యార్థులకు యుడాసిటీ సంస్థతో కలిసి యంత్రముపై పాఠములు చెప్పించి చూచెను. గదిలో కూర్చుండి చదివినవారికన్న వీరు తక్కువగా నుత్తీర్ణులైరి. ఆ యత్నమును కొంతకాలము నిలిపివేసిరి. వేసవిలో ఫలితములు మెరుగుపడెను. అయితే అప్పుడు చేరినవారిలో చాలమంది చదువు అలవడినవారు.

ఈ లెక్కల సారము స్పష్టము. చదువుకొనుట తెలిసినవానికి యంత్రము రెక్కలిచ్చును. తెలియనివానికి అది తెరచియుంచిన తలుపు. లోపలికి పిలుచువాడు లేడు. 2020లో కోవిడు మహమ్మారి వ్యాపించి, లోకమున 150 కోట్లమంది విద్యార్థుల బడులు, కళాశాలలు మూతపడినప్పుడు ఈ నిజము ప్రతి గ్రామమునకును తెలిసివచ్చెను. ఇంటికొక సెల్‌ఫోను, ముగ్గురు పిల్లలు. సంకేతముకొరకు మిద్దె యెక్కుట, చెరువుగట్టునకు పోవుట. పాఠము వచ్చెను, చదువు రాలేదు.

ముద్రకు వచ్చిన సంకటము

మూడవ పని యగు పట్టప్రదానమును విశ్వవిద్యాలయములు చిరకాలము గట్టిగా పట్టుకొనియుండెను. అదియు సడలుచున్నది. భారత ప్రభుత్వము 2017లో స్వయం అను పేర జాతీయ పాఠవేదికను తెరచెను. అందు నేర్చినదానిని పట్టములోని లెక్కకు నూటికి ఇరువది పాళ్లవరకు చేర్చుకొనవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో చేసిన నియమమును 2021లో నలుబది పాళ్లకు పెంచెను. ఇక విద్యార్థి ఒక కళాశాలలో నుండి మరియొక సంస్థ ఆచార్యునివద్ద నేర్చి, ఆ ఫలమును తన ఖాతాలో జమ వేయించుకొనగలడు.

ఇంతలో 2022 నవంబరున చాట్ జీపీటీ యను యంత్రము వెలువడెను. అడిగిన విషయముపై వ్యాసమును క్షణములో వ్రాసియిచ్చును. లెక్కను చేసి చూపును. తప్పును సైతము నిస్సంకోచముగా చెప్పును. విద్యార్థి యింటివద్ద వ్రాసి తెచ్చిన వ్యాసము అతనిదో యంత్రముదో తేల్చుట ఆచార్యులకు కష్టమయ్యెను. ప్రశ్నపత్రము, సమాధానపత్రములే విద్యయని 1857 నుండి నమ్మిన పద్ధతికి ఇది గట్టి దెబ్బ. పలుచోట్ల ఆచార్యులు మరల కాగితము, కలము, ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించుట యను పద్ధతులవైపు మొగ్గుచున్నారు.

తెలుగువారికిది క్రొత్త కాదు. అవధానసభలో పృచ్ఛకులు ఎదుటనుండి అడుగుదురు. అవధాని అప్పటికప్పుడు చెప్పవలెను. ఒకరి వ్రాత మరియొకరిదిగా చెల్లుటకు అచ్చట వీలు లేదు. శాస్త్రవాదములలోను అంతియే. నలందా ద్వారమున నిలిచిన పండితుడు చేసిన పనియు ఇదియే. తిరిగి తిరిగి చరిత్ర ఆ ద్వారమునకే వచ్చినది. అయితే నాటి ద్వారపాలకుడు ఏడెనిమిదిమందిని వెనుకకు పంపెను. నేటి ప్రజాస్వామ్యమున ఆ యేడెనిమిదిమందియే ముఖ్యులు. వారిని ప్రశ్నించుట లోపలికి తెచ్చుటకు కావలెను.

మిగిలిన నిలువ

జమాఖర్చు తేల్చినచో నిలువ యింత. గ్రంథనిధి ప్రాకారమును దాటినది. పాఠము దాటినది. పరిశోధనావార్త దాటినది. పట్టపు ముద్ర సగము దాటినది. దాటనిది ఒక్కటి: ఎదురెదుట కూర్చుండి ఒకరినొకరు అడుగుట, తప్పు పట్టుట, దిద్దుకొనుట, విడువక వెంటనుండుట. ధాన్యకటకమున ఆ ముగ్గురు భిక్షువులు చేసినది అదియే. ప్రయోగశాల, వైద్యశాల, పొలము వంటి చేతిపని చోట్లును దానితో చేరినవే. విశ్వవిద్యాలయము ఈ పనిని శ్రద్ధగా చేసినంతకాలము దానికి చెరుపు లేదు. ముద్రను అమ్ముకొని బ్రదుకదలచిన పీఠమునకు మాత్రము యంత్రమే యమపాశము.

గ్రామ గ్రంథాలయమునకును ఇందు పాఠము కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి, పుస్తకము దొరకనివానికి పుస్తకమిచ్చుట గ్రంథాలయోద్యమపు తొలి ధర్మమయ్యెను. 1935లో గుంటూరు మండలమున కాలువలపై పడవలో గ్రంథములను త్రిప్పిన మహనీయుల యాశయమును అదియే. నేడు పుస్తకము సెల్‌ఫోనులోనికి వచ్చినది. అరుదైనది చదువరుల సహవాసము. యంత్రముపై ఐ. ఐ. టీ. ఆచార్యుని పాఠము విను బాలిక ఎనిమిదవ నిమిషమున అర్థము కాక ఆగిపోయినప్పుడు, ప్రక్కన కూర్చుండి "ఎచ్చట ఆగితివమ్మా?" అని యడుగువాడొకడు కావలెను. నూటికి తొంబదియైదుగురు జారిపోయినది అచ్చటనే.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమున ఒక పెద్దబల్ల, దానిపై ఒక కంప్యూటరు, చుట్టును ఆరు కుర్చీలు, వారమున రెండు సాయంకాలములు తప్పక వచ్చి కూర్చుండు విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఉన్నచో, విశ్వవిద్యాలయమున మిగిలిన ఆ నిలువలో ఒక పాలు ఈ గ్రామమునకు చేరినట్లే. వ్రాతపుస్తకములు చదువుటకు ఎడారులను దాటినవారు వెనుకటి కాలమువారు. నేటి బాలబాలికలు దాటవలసినది గ్రంథాలయపు గడప యొక్కటే. ఆ గడప లోపల వారికొరకు మనుష్యుడుండునట్లు చూచుట పెద్దల విధి.